బాపు ఇచ్చిన వాటం

చౌటుప్పల్‌లో నేను పూల్ టేబుల్ పెట్టిన కొత్తలో జరిగిందిది. ఇళ్లల్లో బండలు పరిచే మా బాపు, టేబుల్ బిగించే పని తనకే వదిలెయ్యమన్నాడు. గుడ్డ కప్పకముందే కింది రాతి పలకను వేళ్లతో కొట్టి చూసి, పగుళ్లు లేవని తేల్చాడు. కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి లెవెల్ చేశాడు.

ప్రారంభం రోజు పక్క దుకాణం సేటు కొట్టిన మొదటి బంతి మూల పాకెట్‌లో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎవరు ఎటు కొట్టినా బంతులన్నీ మెల్లగా మళ్లి ఆ మూలకే దొర్లాయి.

"బాపూ, గిదేంది?" అన్నాను.

"గా మూలకు జర వాటం ఇచ్చిన బిడ్డా. లేకుంటే కడిగినప్పుడు నీళ్లు నిలుస్తయి గద," అన్నాడు.

తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. బాపు బండలేసిన ఏ ఇంట్లోనూ నీళ్లు నిలవలేదు. ఆ రోజు మా టేబుల్ మీద ఒక్క బంతీ నిలవలేదు.