వాగు అవతలి స్టేషన్

ఇన్నేళ్ళుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

దర్శి వైపు ఒక చిన్న పోలీస్ స్టేషన్లో రైటర్‌గా చేశాను. వచ్చినవాళ్ళ ఫిర్యాదు రాసి కేసు కట్టే పని నాదే. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో, మిరప కోతల కాలం. పక్కనే కల్లాల్లో కాయలు ఎండబోశారు. ఆ ఘాటుకు కళ్ళు మండి రెప్పలు వాలిపోయేవి. భోంచేసి ఫ్యాను కింద కూర్చుంటే మెలకువో నిద్రో తెలిసేది కాదు. ఎస్సైగారు బందోబస్తుకు వెళ్ళారు. అప్పుడొచ్చింది ఆమె. నిజంగా నడిచే వచ్చిందా, ఆ ఎర్రటి వెలుగులోంచి తేలి వచ్చిందా? తలుచుకున్నప్పుడల్లా నాకు అలాగే కనిపిస్తుంది.

బోరు నీళ్ళ దగ్గర దాయాదులతో గొడవైందట. ఆమె భర్తను కొట్టి ట్రాక్టర్లో వేసుకుపోయారట.

"ఇంకా బతికే ఉన్నాడండీ. ఇప్పుడొస్తే దొరుకుతాడు," అంది.

"ఎక్కడ జరిగింది?"

"వాగు పక్కన, మా చేలోనండీ."

"అది మా లిమిట్స్ కాదమ్మా. వాగు అవతల స్టేషన్‌కెళ్ళు."

"వాగులో చుక్క నీళ్ళు లేవు గదండీ. ఇవతలేదో అవతలేదో నాకేం తెలుసు? ముందు రాసుకోండి బాబూ."

"చెప్తుంటే అర్థం కాదా? అక్కడికే వెళ్ళాలి."

హద్దు పేరు చెప్పి పక్క స్టేషన్ మీదికి తోసేయడం మాకు అలవాటు. వాళ్ళూ మా మీదికి తోసేవాళ్ళు. ఎవరి హద్దులో జరిగినా ముందు కేసు కట్టాలి, తర్వాత బదిలీ చేయాలి. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. నేను చేతులు దులుపుకుని కళ్ళు మూసుకున్నాను. కలలో పత్తి చేను, తెల్లగా, అంతు లేకుండా. హాయిగా నిద్రపోయాను. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

అవతలి స్టేషన్ వాళ్ళు పొద్దుగూకే వేళకు కదిలారు. అతను ఒక పాడుబడ్డ బావిలో దొరికాడు. ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదని డాక్టరుగారు అన్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒక్కరైనా తిట్టి ఉంటే ఈ బరువు తగ్గేదా? ఏమో. తిట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకుని దాన్ని కూడా మర్చిపోయేవాడినేమో, అలాంటి మనిషినే నేను.

కొన్నేళ్ళకు గుంటూరు బస్టాండులో ఆమె కనిపించింది. నేనే గుర్తుపట్టలేదు. ఆమె దగ్గరికొచ్చి దండం పెట్టింది. ఆ రోజు నేను సరైన స్టేషన్‌కు దారి చూపించానట, అందుకే శవమైనా దక్కిందట. నేను తలూపాను. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీంతో నా తప్పు పోదు. గొంతులో అడ్డుపడింది మాత్రం ఇవాళ బయటికొస్తోంది. అంతకుముందు, వాగు పక్కన వాళ్ళ చేలో గట్టు తగాదా వచ్చినప్పుడు విచారణకు వెళ్ళింది నేనే. అది మా హద్దే. ఆమెను పంపించేటప్పుడు నాకు తెలుసు.