పాచి తోడు

తోడికోడలి చేను కంటపడితే చాలు, నా కడుపు మండేది. దాచుకోవడమెందుకు, ఇప్పటికీ మండుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు మిట్ట చేనే కావాలని మా ఆయన చేత అడిగించింది నేనే. దిగువ చేని పక్కన రాయచూరు పట్నం మురికినీళ్ళ మోరీ పారేది. ఆ కంపులో కలుపు ఎవరు తీస్తారు? ముక్కు మూసుకుని దాన్ని మరిదికి వదిలేశాం.

థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు లేచిన కొన్నేళ్ళకు మోరీకి అడ్డంగా పెద్ద పెద్ద గుంటలు తవ్వించారు. పట్నం మురికినీళ్ళు వాటిలో ఎండకు నిలిచి, పాచి పట్టి, కంపు పోయాక కాలవలో దిగువకు పారేవి. ఎవరి చేనికి? ఆ మహాతల్లి చేనికే! నడి ఎండాకాలంలో ఆమె గడ్డి నడుము దాకా లేచింది. నా బర్రె మాత్రం ఎండు చొప్ప నములుతూ అటే చూసేది. పాలు తగ్గిపోయాయి. సంతకు తోలేద్దామన్నాడు మా ఆయన. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బర్రె అది. నా ప్రాణం పోయినంత పనైంది.

గుంటల దగ్గర కావలి ఉండే ఆయనను అడిగాను.

"ఆ నీళ్ళల్ల ఏం మందు కలుపుతరన్నా?"

"మందేంది? అంత పాచి మహిమనే. పాచి పట్టిందంటే నీళ్ళు బాగైతయ్, గడ్డి గిట్ల లేస్తది."

ఓస్, ఇంతేనా! పాలలో కాస్త తోడు వేస్తే పెరుగు కావడం లేదా? మిట్టమధ్యాహ్నం అందరూ నీడపట్టున ఉండగా బిందెడు పాచి ముంచుకొచ్చి, మా బోరు నీళ్ళు పట్టే హౌజులో కలిపేశాను. తోడు గట్టిగా పట్టాలని పైన గోనెపట్టా కూడా కప్పాను.

కొన్నాళ్ళకు పట్టా తీస్తే పాచి కుళ్ళి నల్లగా అడుగున పడి ఉంది. ఛీ, ఏం కంపు! ఆ కంపు వద్దనే కదా మిట్ట చేను కోరుకున్నది.

సరిగ్గా అప్పుడే నెత్తిన గడ్డిమోపుతో తోడికోడలు అటు వచ్చింది. హౌజులోకి తొంగిచూసింది.

"అక్కా, ఇదేంది?"

చెప్పక తప్పలేదు. నవ్వుతుందనుకున్నాను. నవ్వినా బాగుండేది, నాలుగు తిట్టేదాన్ని.

"తోడు తెస్తివి సరే, పాలేవక్కా? ఆ మోరీ నీళ్ళే గద పాలు. వాటికి ఎండ గూడ తగలాలె" అంటూ మోపు తీసుకెళ్ళి నా బర్రె ముందర దించింది. సిగ్గులేని బర్రె, గబగబా తినేసింది.

ఆనాటి నుంచి ఆమె మోపు పంపడం మానలేదు. మా ఆయన సంత మాట ఎత్తలేదు. బర్రె మా కొట్టంలోనే ఉండి చెంబు నిండా పాలిచ్చేది. రోజూ ఆ పాలు కాచి తోడు వేసేటప్పుడు, ఇవీ ఆ మహాతల్లి గడ్డి పాలే కదా అని నా ఒళ్ళు భగ్గుమనేది.