నా పక్కన కూర్చున్న కాకా

మొన్న శుక్రవారం పొద్దున సెట్టులో గోడకు రెండో పూత వేస్తుండగా, కాస్ట్యూమ్స్‌లో పనిచేసే దర్జీ ఒకాయన వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో కాకా పోయాడని చెప్పాడు. నేను బ్రష్షు డబ్బాలో పెట్టి కిందికి దిగాను. చుట్టూ పనిచేస్తున్నవాళ్లు చాలామంది కొత్తవాళ్లు, కాకా ఎవరో వాళ్లకు తెలియదు. ఆ కబురు ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు.

మీకూ ఆయన తెలిసి ఉండడు. ఆయన కుట్టిన రాజుల అంగరఖాలు, పోలీసుల యూనిఫాంలు, పెళ్లికూతుళ్ల జాకెట్లు మీరు తెర మీద చూసే ఉంటారు. ఆయన పేరు మాత్రం తెర మీద ఎప్పుడూ పడలేదు. నల్గొండ వైపు మనిషి. కుర్రతనంలో సాయుధ పోరాటంలో తిరిగి, తర్వాత ఎప్పుడో కమ్యూనిస్టు పార్టీ నుంచి బయటికొచ్చి, కుట్టుపని నేర్చుకుని హైదరాబాదు చేరాడు. తండ్రి తమ్ముణ్ణి ఈ ప్రాంతంలో కాకా అంటారు. స్టూడియోలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ను అలాగే పిలిచేవాళ్లు.

నేను ఎనభైల చివర్లో బాపట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చాను. ఆర్ట్ డిపార్టుమెంటులో పెయింటర్ పని దొరికింది. షేక్‌పేటలో ఒక ఇంటి వెనక రెండు గదులుండేవి. ఒకదాంట్లో కాకా, రెండోదాంట్లో నేను. మధ్య గోడ ఎంత పలచన అంటే, నేను పొద్దున్నే మోకాళ్ల మీద చేసుకునే ప్రార్థన ఆయనకు మాట మాట వినిపించేది. వారం రోజులు విని, ఎనిమిదో రోజు చాయ్ గ్లాసు చేతికిస్తూ, మా అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగాడు. నేను సిగ్గుపడ్డాను. అప్పటినుంచి గొంతు తగ్గించాను. ఆయనకు అదీ నచ్చలేదు.

"గట్టిగనే చెప్పుకో బిడ్డా," అన్నాడు. "ఆయన వింటడో వినడో గాని, నేనైతే వింటున్న."

పొద్దంతా సెట్టులో ప్లాస్టరాఫ్ పారిస్‌తో పోసిన గుడి గోపురాలకు రంగులు వేసేవాణ్ణి. ఆదివారం ఫిల్మ్‌నగర్ గుట్ట మీది రేకుల షెడ్డులో జరిగే ఆరాధనకు వెళ్లేవాణ్ణి. ఇది కాకాకు పెద్ద వేడుక. ఇంతమంది దేవుళ్లకు పని చేసి పెడుతున్నాను కదా, ఒక్కడైనా నాకు పెళ్లి సంబంధం చూడడేంటని అడిగేవాడు. మా ఏసు వడ్రంగి అని చెబితే, మరి యూనియన్ కార్డు ఉందా అన్నాడు ఒకసారి. లేదన్నాను. "గందుకే సిలువేసిండ్రు," అన్నాడు తాపీగా, సూదిలో దారం ఎక్కిస్తూ. నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాను. తర్వాత గదిలోకి పోయి దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను. గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. అది నవ్వు ఆపుకునే దగ్గని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఈ ఊళ్లో నాకు మనుషులంటే కాకా, ఇంకా మా మందిరం వాళ్లు. అంతే. నా మాట తీరు విని సెట్టులో వెక్కిరించేవాళ్లు. సాయంత్రం పని ముగిశాక జూబ్లీహిల్స్ రోడ్ల మీద నడిచి వస్తుంటే పెద్ద పెద్ద గేట్లు, వాటి వెనక కుక్కల అరుపులు తప్ప మనిషి అలికిడి ఉండేది కాదు. ఆదివారం కోసమే బతికేవాణ్ణి. మందిరంలో యువకుల కూటానికి నన్నే పెద్దగా పెట్టారు. డోలక్ వాయించేవాణ్ణి, పిల్లలకు పాటలు నేర్పేవాణ్ణి. ఆరాధన తర్వాత ఎవరో ఒకరు అన్నానికి రమ్మనేవాళ్లు.

ఒకసారి నాకు టైఫాయిడ్ వచ్చింది. బైబిలు చదువుకోవడానికి కళ్లు నిలవలేదు. కాకా మిషను ఆపి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, కీర్తనలు చదివి వినిపించాడు. ఒక్కోచోట ఆగి, ఇది రాసినోడు ఆకలి తెలిసినోడే అని మెచ్చుకునేవాడు. శత్రువులను నాశనం చెయ్యమని అడిగే చోట మాత్రం, ఈ మనిషి మా పార్టీల ఉండాల్సింది అన్నాడు.

ఆ తర్వాతి ఏడాది ఎలక్షన్లు వచ్చాయి. మా మందిరం రేకులు చిల్లులు పడి ఉండేవి. వానాకాలం చంటిపిల్లల తల్లులు తడిసిపోయేవాళ్లు. నిలబడిన అభ్యర్థుల్లో ఒకాయన వచ్చి, గెలిపిస్తే స్లాబు వేయిస్తానన్నాడు. వచ్చిన ఆదివారం మా పాస్టరు గారు వాక్యోపదేశం ముగించి, అందరూ ఒక్కొక్కరే వచ్చి బైబిలు మీద చెయ్యి వేసి ఆయనకే ఓటు వేస్తామని ప్రమాణం చెయ్యాలన్నారు. పాస్టరు గారు చెడ్డవారు కాదు. ఆ కారే రేకుల కింద ఆయన పిల్లలు కూడా కూర్చునేవాళ్లు. కానీ వరసలో మొదట నన్నే పిలిచారు.

నేను లేచాను, ముందుకు వెళ్లలేదు. "అయ్యగారూ, ఓటు ఎవరికైనా వేస్తానండి. దీని మీద చెయ్యి పెట్టి మాత్రం ఒట్టు వెయ్యనండి," అన్నాను. నా వెనక ఇంకో నలుగురు ప్రమాణం చెయ్యకుండా తప్పుకున్నారు. అలా ఆ తంతు ఆగిపోయింది.

ఆ వారమే యువకుల కూటం ఇంకొకరికి ఇచ్చారు. డోలక్ ఇంకొకరి ఒళ్లోకి వెళ్లింది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. నేను వెళ్లి చాప మీద కూర్చుంటే పక్కవాళ్లు మెల్లగా జరిగి వేరే చాప మీదికి పోయేవాళ్లు. నాతో పాటు తప్పుకున్న నలుగురు కూడా జరిగారు. తలుపు దగ్గర చాప మొత్తం నాకే మిగిలింది. పాట పాడుతుంటే నా గొంతు నాకే విడిగా వినిపించేది. అన్నానికి పిలుపులు ఆగిపోయాయి. పొద్దుటి ప్రార్థనలో నేనేమీ అడగడం లేదని కాకా గమనించాడు. ఏమైందని అడిగితే చెప్పాను.

తర్వాతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నా గది ముందు నిలబడ్డాడు. ఎక్కడికని అడిగితే, "మీ గుడికే," అన్నాడు.

వచ్చి తలుపు దగ్గర చాప మీద నా పక్కన కూర్చున్నాడు. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకుంటే ఆయన తెరిచే ఉంచాడు. పాటలకు నోరు కదపలేదు. వాక్యం చెబుతున్నంతసేపూ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. బయటికొచ్చాక, పాస్టరు గొంతు మంచిగుంది గాని ముగించేది తెలుస్తలేదు అన్నాడు. అలా ఆదివారం తర్వాత ఆదివారం వచ్చాడు. వారానికి ఒక్కటే సెలవు ఆయనకు. దాన్ని తాను నమ్మని చోట, తనను అనుమానంగా చూసే మనుషుల మధ్య గడిపాడు. ఎందుకొస్తున్నావని అడిగితే గదిలో ఉక్కపోతగా ఉందనేవాడు.

అభ్యర్థి గెలిచాడు. ఒక లారీ ఇసుక వచ్చి మందిరం ముందు పడింది. తర్వాత ఏమీ రాలేదు. వానలకు ఇసుక గుట్ట కిందికి కొట్టుకుపోయింది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో పెద్ద వాన పట్టుకుంది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా వాచ్‌మన్, మా సంఘంలో పెద్దవాడు, తన చోటు కారుతోందని లేచి, అటూ ఇటూ చూసి, మా చాప మీదికి వచ్చి కూర్చున్నాడు. క్షమించి కాదు, మా దగ్గర పొడిగా ఉందని. కాసేపటికి ఆయన పాటల పుస్తకం నా ముందుకు జరిగింది. కళ్లజోడు తడిసింది, అక్షరాలు కనపడ్డం లేదు, కాస్త చదవవయ్యా అన్నాడు. ఇద్దరం కలిసి పాడాం. ఆ పాట మధ్యలో కాకా చెప్పులు వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం నేను పిలిస్తే రాలేదు. మిషను మీద నుంచి తలెత్తకుండా, "నీకు మనుషులు దొరికిండ్రు గదా, ఇగ నాకెందుకు?" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు.

నాకు పెళ్లయి మధురానగర్‌కు మారాక కూడా ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రిలో చేరాక మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు మళ్లీ అదే అడిగాను, అప్పుడెందుకు వచ్చావని. ఈసారి ఉక్కపోత అనలేదు.

"పార్టీల లీడర్లన్న ఒక మాట తప్పని చెప్పిన. తెల్లారి మీటింగుల నా దిక్కు ఎవ్వడు కూసోలె. దోస్తులే. ఒక్కడన్న వస్తడేమోనని మీటింగు అయిపోయేదాంక తలుపు దిక్కే చూసిన." దగ్గు వచ్చి ఆగాడు. "నువ్వు గట్ల చూడొద్దనుకున్న. అంతే."

అప్పుడు ప్రార్థన చెయ్యనా అని అడిగాను. వద్దు, ఊకె కూసో అన్నాడు. ఊరికే కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం షేక్‌పేట శ్మశానంలో పదిమంది కూడా లేము. నల్గొండ నుంచి వచ్చిన అన్న కొడుకు, మా ఇంటి ఓనరు, కొందరు దర్జీలు. మీరేమవుతారని ఆ అన్న కొడుకు నన్ను అడిగాడు. పక్క గదిలో ఉండేవాణ్ణని చెప్పాను. చితి అంటుకున్నాక ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. పార్టీ రోజుల్లో కాకా సావాసగాడట. "చానా ఏండ్ల సంది మేం మాట్లాడుకోలె," అన్నాడు, ఎవరినీ చూడకుండా. చితికి ఎదురుగా నిలబడి, పిడికిలి పైకెత్తి, కామ్రేడ్ అంటూ కాకా పేరు చెప్పి ఆగాడు.

దానికి అందరూ జోహార్ అనాలి. అక్కడున్న ఎవరికీ అది అలవాటు లేదు. ముసలాయన చెయ్యి దించలేదు, అలాగే పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. చెయ్యెత్తి, నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుండగా, జోహార్ అన్నాను. ఆయన ఒకసారి నా వైపు చూసి మళ్లీ పేరు చెప్పాడు. నేను మళ్లీ అన్నాను. చొక్కా చెయ్యి మోచేతి దాకా జారిపోయి, సన్నటి ఆ ముసలి చెయ్యి పొగలో లేచి ఉంది, ఆయాసం తీరకపోయినా ఆయన దాన్ని దించలేదు.