రేగులకుంట కొర్రమట్టలు

పెంటయ్య అబద్ధాలకోరు. ఈ మాట ఎదురుగా అన్నా కోపం తెచ్చుకోడు, పైగా మీసం దువ్వుకుంటాడు. చేపలు పట్టేవాడు చేప దొరికిన చోటు చెబుతాడా ఎక్కడైనా? వాళ్ల తాత చెప్పలేదు, నాయిన చెప్పలేదు, ఇతనూ చెప్పడు. "ఏడ దొరికిందే పెంటయ్యా?" అని కట్ట మీద ఎవరైనా అడిగితే చెయ్యి తూర్పుకు చాపుతాడు. అంటే పడమర దొరికిందని అర్థం. అడిగినవాడు కూడా చేపలు పట్టేవాడే కాబట్టి నవ్వుకుంటూ పడమరకే పోతాడు. ఆ సంగతి తెలిసి, పెంటయ్య అప్పుడప్పుడూ తూర్పున దొరికినా తూర్పే చూపిస్తాడు. అదీ మనిషి!

గచ్చిబౌలి అవతల అద్దాల మేడల వెనక మిగిలిన నీళ్లే రేగులకుంట. సగం గుర్రపుడెక్క, ఒక మూల తుంగ. పొద్దున ఆఫీసు బస్సులు కట్ట కింద రోడ్డు మీద బారులు తీరి నిలబడితే, లోపల కూర్చున్నవాళ్లు అద్దంలోంచి పెంటయ్యను చూస్తారు. థర్మాకోల్ తెప్ప మీద గొంతుక్కూర్చుని వల దులుపుతుంటాడు. కొందరు ఫోటోలు కూడా తీస్తారు. ఆ ఫోటోలన్నీ ఏమైపోతాయో గాని, వాళ్లెవరూ దిగి చేపలు కొన్న పాపాన పోలేదు.

కుంట మీద బతికే చేపలవాళ్ల సంఘంలో పెంటయ్యకు ఒక పేరుంది. కొర్రమీనును పట్టాలంటే అతనే పట్టాలి. పుస్తకాల్లో కొర్రమీను, ఇక్కడివాళ్ల నోట కొర్రమట్ట. నల్లగా, పాము తలలాంటి తలతో ఉంటుంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి పీల్చుకుని పోతుంది కాబట్టి ఒడ్డున పడేసినా గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. దాన్ని పట్టే కిటుకు ఒకటుంది. కొర్రమట్ట పిల్లలు ఎర్రటి ముద్దలా గుంపు కట్టి నీటి పైపైన తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలో గాలం వేసి అటూ ఇటూ ఆడిస్తే, పిల్లల జోలికి ఎవరో వచ్చారని తల్లి మీదపడి కరుస్తుంది. ఆకలితో కాదు, కోపంతో. ఆ కోపమే దాని ప్రాణం తీస్తుంది.

ఈ కిటుకుతో పెంటయ్య రేగులకుంటలో కొర్రమట్ట అన్నదే లేకుండా చేశాడు. సరదాకి కాదు. ఏటా వానలు పడగానే సంఘం వాళ్లు రవ్వు, బొచ్చె చేపల పిల్లలు తెచ్చి కుంటలో వదులుతారు. ఒకసారి కొర్రమట్ట నోట్లోంచి రవ్వు పిల్ల తోక బయటికి వేలాడటం అతని కంటపడింది. ఇంకేముంది, ఒళ్లు మండిపోయింది. "నేను పిల్లల్ని ఇడిసేది, గీ దొంగముండ మింగేదా?" అని పగ పట్టాడు. పైగా మృగశిర కార్తె నాడు చేప తినాలని ఊరంతా ఎగబడుతుంది, అందులో కొర్రమట్టకు ఉన్న గిరాకీ మరి దేనికీ లేదు. దొంగను చంపినట్టూ ఉంటుంది, తట్ట నిండినట్టూ ఉంటుంది. సంఘంలో అందరూ భుజం తట్టారు. రెండు మూడేళ్లలో పని అయిపోయింది.

ఆఖరి దాన్ని కోసింది అతని భార్య మల్లమ్మ. మూసాపేట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఆమె చేపలమ్ముతుంది. చేప జారకుండా చేతులకు బూడిద రాసుకుని, కత్తిపీట ముందు కూర్చుని, కడుపు చీల్చి చూసింది.

"ఏందయ్యా, నీ రవ్వు పిల్లలేవి? ఒక్కటుంది. తక్కినయన్నీ జిలేబీ పిల్లలే. ఈపు నిండ ముండ్లు, జూడు."

"కొయ్యవే ముందు, మాటలెందుకు?" అన్నాడు పెంటయ్య. ఆ రోజు ఆ మాట చెవికెక్కించుకుని ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే లేదు.

జిలేబీ చేప తెలుసుగా, తిలాపియా అంటారే? ఏడాదికి ఎన్నిసార్లు పిల్లల్ని పెడుతుందో దానికే తెలియదు. ఆపద వస్తే పిల్లల్ని నోట్లో దాచుకుంటుంది. ఇన్నాళ్లూ వాటిని తిని లెక్క సరిచేసింది కొర్రమట్టే. ఆ నోరు మూతపడేసరికి జిలేబీలకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది. కుంట కిటకిటలాడింది. రవ్వు పిల్లల మేతంతా అవే ఊడ్చుకుతిన్నాయి. ఆఖరికి వాటికీ తిండి చాలక, అరచేతికి రాకుండానే ముసలివైపోయి, ఆ వేలెడు ఒంటితోనే మళ్లీ పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టాయి. వల వేస్తే బరువుగా వస్తుంది, తీరా తీస్తే అన్నీ ముళ్లే. అరచేతులు కోసుకుపోయేవి. మూసాపేటలో ఆడవాళ్లు మల్లమ్మ తట్టలోకి తొంగిచూసి, "పిల్లులకా అక్కా?" అని అడిగి పోయేవాళ్లు. ఆ మాటకు ఆమె ఎన్ని రోజులు కుళ్లి ఏడ్చిందో!

కొడుకు సంతోష్ హైటెక్ సిటీలో ఒక మేడకు సెక్యూరిటీ సూపర్‌వైజర్. మంచి పిల్లవాడు, తండ్రంటే ప్రాణం. "నాయినా, ఇగ ఆ కుంటల ఏమున్నది? మా దగ్గర గేటు కాడ డ్యూటీ ఉన్నది. కుర్చీ ఇస్తరు, ఫ్యాన్ ఇస్తరు. వస్తవా రావా?" అని పోరుపెట్టాడు. పెంటయ్యకు గుండెలో రాయి పడ్డట్టయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్ల మీదే తెల్లవారిన మనిషి. కార్లకు గేటు తీసి మూసే పని తలుచుకుంటేనే ఏడుపొచ్చేది. కాని ఏమని వాదిస్తాడు? "దసరా దాక ఆగు బిడ్డా. అప్పటికీ కుంటల మంచి చేప కనబడకపోతే, నువ్వు చెప్పినట్టే ఇంట" అని మాటిచ్చాడు.

మాటయితే ఇచ్చాడు గాని, నిద్ర పట్టలేదు. మల్లమ్మ చీల్చిన ఆ కడుపే కళ్లముందు మెదిలేది. తాను దొంగనుకున్నది కుంటకు కావలి కాసేదని, ఆ కావలిని తన చేతులతోనే చంపుకున్నానని అతనికి మెల్లగా ఎక్కింది. ఎక్కాక సిగ్గేసింది. ఒక రోజు చేపల మార్కెట్‌కు పోయి, బతికున్న కొర్రమట్టలు నాలుగు కొని, తడి గోనెసంచిలో తెచ్చి, ఎవరూ చూడకుండా తుంగ మూలన వదిలాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కట్ట మీద ఉన్న ప్రతివాడూ గాలం పట్టుకుని తయారవుతాడని భయం. పైసలేవని మల్లమ్మ నిలదీస్తే, "తాగిన" అన్నాడు.

ఆమె తిట్టిన తిట్లు బస్తీ అంతా విన్నది. తలొంచుకుని పడ్డాడు. చేసిన తప్పుకు తిట్లు తినేవాళ్లను చూశాం గాని, చేయని తప్పుకు ఇంత నిబ్బరంగా తిన్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

నాలుగింట్లో రెండు ఏమయ్యాయో తెలియదు. మిగిలిన రెండూ జత కట్టాయి. ఎండాకాలపు వాన ఒకటి పడ్డాక ఒక పొద్దున తుంగ మూలన నీళ్లు ఎర్రగా కదిలాయి. పిల్లలు! పెంటయ్యకు తెప్ప మీద లేచి గంతులెయ్యాలనిపించింది. ఆ చుట్టుపక్కల వల వెయ్యడం మానేశాడు. చూడ్డానికి వచ్చి, ఎవరైనా గమనిస్తున్నారేమోనని మొహం అటు తిప్పుకుని కూర్చునేవాడు. ఇంకొన్ని వారాలు ఆ తల్లీ తండ్రీ కాపాడితే చాలు. పిల్లలు చెదిరిపోయి, దేని వేట అది మొదలుపెడుతుంది.

మృగశిరకు ముందు రోజు. పెంటయ్య సంఘం పని మీద పోయి సాయంత్రానికి ఇల్లు చేరాడు. వాకిట్లో మల్లమ్మ నవ్వుతూ కూర్చుని ఉంది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో! ముందు కత్తిపీట, పక్కన బూడిద. సంతోష్ గోనెసంచి మూతి విప్పుతున్నాడు.

"నాయినా, ఇయాల నాకు సెలవు. ఉత్తగనే కుంట దిక్కు పోయిన. తుంగల ఎర్రగ పిల్లలు కనబడ్డయి. నువ్వు నేర్పింది యాదికొచ్చింది. ఒక్క దెబ్బకే పట్టింది జూడు! రేపు అమ్మ తట్టల కొర్రమట్ట ఉండాలె అనుకున్న."

సంచిలో కొర్రమట్ట మెలితిరిగింది. పెదవికి గాలం చీల్చిన గాయం, ఒంటి మీద జిగట ఇంకా మెరుస్తోంది. మల్లమ్మ బూడిద చేతుల్తో దాని తల అందుకుంది.

"ఆగు! ముట్టకు!" అని పెంటయ్య అరిచిన అరుపుకు ఇద్దరూ అదిరిపడ్డారు.

కొడుకు మీద కోపం రావాలి. రాలేదు. వాడికి ఎవరు చెప్పారని? ఊరందరి దగ్గరా దాచి దాచి, ఇంట్లోవాళ్ల దగ్గరా దాచాడు. అలవాటయిన అబద్ధం తన ఇంటి వాకిట్లోనే కత్తిపీట ముందుకొచ్చి పడింది. కొన్నదీ వదిలిందీ అన్నీ చెప్పేశాడు.

మల్లమ్మ చేప తల వదిలేసింది. "అయితే తాగిన అన్న పైసలు..."

"గివే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! నాకొక్క మాట చెప్తే నోరు పడిపోతుండెనా?" అంటూనే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పైన ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. బకెట్లో నీళ్లు పోసి చేపను అందులోకి జారవిడిచి, "బండి తియ్యరా!" అని కొడుకును గదిమింది.

సంతోష్ మొహం పాలిపోయింది. ఉరికిపోయి బండి తీశాడు. ఆఫీసులు వదిలే వేళ. ఎక్కడి బస్సులు అక్కడే ఆగాయి. వెనక కూర్చున్న పెంటయ్య ఒళ్లో బకెట్టు, మూతగా తడి గుడ్డ. దాని కింద చేప ఒకసారి గుటక వేసిన చప్పుడయితే, "ఉన్నది, ఉన్నది, పోనీ" అనేవాడు. చప్పుడు ఆగితే అతని ఊపిరీ ఆగేది.

తుంగ మూలన ఎర్రటి గుంపు ఇంకా ఉంది. కాని పొద్దుటి గుంపులో సగమే. జిలేబీలు చుట్టూ ముసిరి అందినదాన్ని అందినట్టు లాక్కుంటున్నాయి. ఒంటరిగా మిగిలిన తండ్రి చేప ఒక పక్క తరిమేలోపు ఇంకో పక్క నుంచి వస్తున్నాయి. పెంటయ్య మొలలోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో తల్లిని నీటిలో పట్టుకున్నాడు. వదిలాడు. అది రాయిలా కిందికి పోయింది.

బతికుంటే పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. ఆ సంగతి తెలుసు కాబట్టి తండ్రీ కొడుకూ నీళ్లకేసి రెప్పవేయకుండా చూస్తున్నారు. మల్లమ్మ ఆ పాటికి ఆటో ఎక్కి వచ్చి చేరింది. ఏం చూస్తున్నారో అడగలేదు గాని, తానూ చూసింది. ఎంతసేపయినా నీళ్లు కదల్లేదు. సంతోష్ ఏడుస్తున్నాడు. "నేనే చంపిన నాయినా" అన్నాడు.

"నేను చెప్పలేదు గద బిడ్డా. చెప్పనిది నేను" అన్నాడు పెంటయ్య.

అప్పుడు లేచింది. గుంపుకు కాస్త పక్కగా నల్లటి తల, ఒక గుటక, ఒక బుడగ. మళ్లీ మునిగింది. ఆ వెంటనే గుంపు అంచున నీళ్లు భళ్లున చిమ్మాయి. జిలేబీలు చెల్లాచెదురుగా ఒడ్డుకు పరుగులు తీశాయి. తల్లికి కోపమింకా చల్లారలేదు. "అగ్గో, కొట్టింది!" అని మల్లమ్మ చప్పట్లు చరిచింది.

ఈ గోలకు కట్ట మీద నడుస్తున్నవాళ్లు ఆగారు. సంఘంలో చిన్నవాడు శేఖర్ గాలం భుజాన వేసుకుని దిగివచ్చాడు. రేపు మృగశిర మరి, చీకటి పడేలోపు ఏదైనా చిక్కుతుందేమోనని వచ్చినవాడు. "ఏందే పెదనాయినా, ఏం జూస్తున్నరు?"

పెంటయ్య చెయ్యి తనంతట తానే తూర్పుకు లేచింది. "ఏం లేదు, తాబేలు" అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. చెయ్యి అలా గాలిలోనే కాసేపు నిలబడింది. దాన్ని దించి, తుంగ వైపు తిప్పాడు.

"కొర్రమట్టలురా. ఇద్దరూ ఉన్నరు, తల్లీ తండ్రీ. గా ఎర్రగ కనబడేటియి పిల్లలు. మొత్తం కుంటల గివే ఉన్నయి. గాలం ఆడిస్తే ఒక్క దెబ్బకే పడ్తయి, నీకు తెల్వంది కాదు. ఇవి పోతే జిలేబీలు మన కొంపలు ముంచుతయి. పట్టుకుంటవో, నాతోని కూసుంటవో నీ ఇష్టం."

కట్ట మీదివాళ్లకూ వినబడేలా గట్టిగానే చెప్పాడు. పుట్టి ఇన్నేళ్లకు పెంటయ్య మోసం లేకుండా చేప ఉన్న చోటు చెప్పడం అదే మొదలు. శేఖర్ తుంగ వైపు చూశాడు, చేతిలో గాలం వైపు చూశాడు. తీగను కర్రకు చుట్టేసి, చెప్పులు విడిచి, పక్కన కూర్చున్నాడు.

మర్నాడు మృగశిర. మూసాపేట మెట్రో మెట్ల కింద కాలు పెట్టే సందు లేదు. మల్లమ్మ తట్టలో ఎప్పటిలాగే వేలెడంత జిలేబీలు. తెల్లచొక్కా పెద్దాయన ఒకడు తట్టంతా కలియజూసి, "ఏమ్మా, కొర్రమీను లేదా?" అని పెదవి విరిచాడు.

"ఎందుకు లేదు సారూ? ఉన్నది, మా రేగులకుంటల" అంది మల్లమ్మ తలెత్తి. "బాలెంత. ఇప్పుడు కొయ్యం."