రాతిపొడి కలిపిన చేయి

వెల్లుల్లి రెబ్బల్ని రోట్లో వేసి ఒక్క దెబ్బ వేస్తానో లేదో, ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేను తిరుపతిలో మా వంటింట్లో ఉండను. కుప్పానికి ఆవల, మూడు రాష్ట్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట, ఒక నల్లటి గుట్ట మీద ఎండలో ఉంటాను. నా ముందు రంగాచార్యులుగారు సుత్తితో ఒక రాతిని పగలగొట్టి, విరిగిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తీర్థం పుచ్చుకున్నంత తృప్తిగా పీలుస్తుంటారు. "సుశీలా, ఇదిగో తగిలిందమ్మా వెల్లుల్లి" అంటారు. ఆర్సెనిక్ కలిసిన ఒక వెండిరంగు ఖనిజం ఉంది, సుత్తిదెబ్బ పడితే అచ్చం వెల్లుల్లి వాసన వేస్తుంది. మా వైపు రాళ్లలో బంగారం చాలాసార్లు దాని పక్కనే ఉంటుంది. తరతరాలుగా వెల్లుల్లి గడప తొక్కని ఇంట్లో పుట్టిన మనిషి ఆ వాసన కోసం గుట్టలన్నీ ఎక్కి దిగుతుంటే నాకు నవ్వాగేది కాదు. "నవ్వు, నవ్వు. ఇంట్లో మడి, కొండ మీద వెల్లుల్లి. నా బతుకింతే" అని ఆయనా నవ్వేవారు.

డెబ్బైల చివర మాట ఇది. ఐరాల దగ్గర పల్లెలో వ్యవసాయం చేసే మా నాయన, నేను తిరుపతిలో భూగర్భశాస్త్రం చదువుతానంటే "రాళ్ల సదువు సదివి యాడ పని సేస్తావు తల్లీ, మన సేన్లో ఉండేటివి సాలవా?" అన్నాడు. చదివాను. పెళ్లయింది. మా ఆయన కుప్పంలో హైస్కూలు మాస్టరు కావడం నా అదృష్టం, ఎందుకంటే ఆ పక్కనే ప్రభుత్వం వాళ్లు బంగారం కోసం కొండను తొలిచి చూసే క్యాంపు ఒకటి పెట్టారు. అందులో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఆ క్యాంపుకు పెద్ద ఆచార్యులుగారు. తిరుపతిలో గుడి కైంకర్యాలు చేసుకునే వైష్ణవ కుటుంబం నుంచి వచ్చారు. పొట్టి మనిషి, తిరునామం, ఖాకీ నిక్కరు, కాళ్లకు బూట్లు. చూడగానే నాకు కాస్త వేళాకోళంగానే అనిపించింది, ఆ అభిప్రాయం ఎక్కువ రోజులు నిలవలేదు.

కోలారులో గనులు తవ్వుతున్న ఆ నల్లరాతి పట్టీయే సన్నబడుతూ మా జిల్లాలోకి దిగుతుంది. గుట్టల మీద ఎప్పటివో పాత గుంతలు ఉండేవి, తవ్విన వాళ్లెవరో ఎవరికీ తెలియదు. రాతి మీద రాయి వేసి నూరిన చోట్ల చిన్న చిన్న గుంటలు పడి, వాన కురిస్తే వాటిలో నీళ్లు నిలిచేవి. పొద్దున్నే మంచు ఇంకా విడవకముందే ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లేవారు. ఒకరోజు బూట్లు విప్పి ఆ నల్లరాయి మీద వట్టికాళ్లతో నిలబడి, నన్నూ చెప్పులు విడవమన్నారు. "ఇప్పుడు నువ్వు యాడుండావో తెలుసునా? సముద్రం అడుగున. ఈ నల్లరాయంతా ఆ నీళ్లలో పారి గడ్డకట్టిన లావా. చేప లేదు, గడ్డిపోచ లేదు, చూసేదానికి ఒక కన్నయినా లేదు. తర్వాతెప్పుడో ఇది నలిగి, వంగి, పగుళ్లు విచ్చింది. ఆ పగుళ్లలోకి లోతు నుంచి వేడినీళ్లు ఎక్కినాయి. నీళ్లు చల్లారి తెల్లని పలుగురాయి మిగిలింది. దాంట్లో అక్కడక్కడ ఇంత బంగారం." నాకు పాదాల కింద చల్లగా తగులుతున్నది మంచో, ఆ సముద్రమో తెలియలేదు. కిందెక్కడో గొర్రెల మెడగంటలు వినిపిస్తుంటే అవి కూడా నీళ్లలోంచి వస్తున్నట్టే ఉంది.

అంత మెత్తగా మాట్లాడే మనిషి నమూనాల గదిలో మాత్రం చండశాసనుడు. డ్రిల్లింగ్ మిషన్ భూమిలోంచి తీసే పొడుగాటి రాతికడ్డీలను నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం పెట్టెలో దాచి, రెండో సగాన్ని పొడి చేసి పరీక్షకు పంపేవాళ్లం. ఆ గదిలోకి బంగారం పెట్టుకుని ఎవరూ రాకూడదు. రాతిపొడి ఆకురాయిలాంటిది, నగకు రాసుకుంటే కంటికి కనపడని రజను రాలుతుంది, అది చాలు ఫలితం తప్పడానికి. రాళ్లు దంచే ఆడవాళ్లకు పెద్ద మునెమ్మ. పక్క ఊరిదే, నలుగురి పెట్టు మనిషి. ఆమె ముక్కుపుడక తీసి గుడ్డలో ముడేసి, గది బయట పాపాయిని దింపినట్టు జాగ్రత్తగా దింపి వచ్చేది. నా మెడలో పుస్తెల దగ్గరికి వచ్చేసరికి ఆయన కాసేపు నసిగారు. "నేను చెప్పలేను తల్లీ. నువ్వే ఆలోచించు" అన్నారు. నేను పుస్తెలు తీసి అత్తగారి చేతికిచ్చి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకున్నాను. "మొగుడు ఇనప గుండులా ఉండంగా ఇదేం కర్మ" అని ఆమె నెలరోజులు నాతో ముభావంగా ఉంది. ఎవరి కోసం ఇదంతా అని నాకు ఆచార్యులుగారి మీద ఒళ్లు మండేది, పొద్దున గుట్ట మీద ఆయన నోరు విప్పగానే చల్లారిపోయేది.

పొడి కలపడం మాత్రం ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. పరిచిన గుడ్డ మీద రాతిపొడి కుప్ప పోసి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, అంచుల నుంచి లోపలికి, లోపలి నుంచి పైకి అరచేత్తో మడుస్తూ కలిపేవారు. వాళ్ల నాయన గుడి వంటశాలలో పులిహోర కలిపేవారట. మెతుకు నలగకూడదు, ప్రతి మెతుక్కీ పులుసు అంటాలి, గరిటె పెడితే చెడుతుంది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని నేర్చుకున్న చేతివాటం అది. "ప్రసాదమైనా రాతిపొడైనా ఒకటేనమ్మా. ఈ పక్క తీసిన పిడికిట్లో ఉండేదే ఆ పక్క పిడికిట్లోనూ ఉండాలి" అనేవారు. ఆ చెయ్యి అలా కదులుతుంటే చూడడం నాకు ఇష్టం. గదంతా సన్నని తెల్లటి ధూళి లేచి కిటికీ వెలుగులో తేలుతుండేది.

రెండేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ బంగారం పడలేదు. ఇప్పుడు వేస్తున్న రంధ్రంలో కూడా ఏమీ లేకపోతే మిషన్‌ను వేరే జిల్లాకు పంపేస్తామని పైనుంచి కబురు వచ్చింది. మిషన్ పోతే క్యాంపు లేదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వాన తప్ప ఇంకో ఆధారం లేదు. మగవాళ్లు బెంగళూరులో ఇళ్లు కట్టే పనులకు పోయేవాళ్లు, మునెమ్మ కొడుకూ కోడలూ అలా పోయినవాళ్లే. సరిగ్గా అప్పుడు ఒక నమూనా ఫలితం వచ్చింది. అందులో ఉన్నంత బంగారం ఆ గుట్టలో మేమెప్పుడూ చూసి ఎరుగం. క్యాంపంతా పండగ. మునెమ్మ పళ్లెంలో బెల్లంముక్కలు పెట్టుకుని అందరికీ పంచింది. "మావాడికి కబురు పెట్టేసినాను సామీ, ఆడ కూలి మానేసి వచ్చెయ్యమని. ఈడనే పని ఉండాది గదా ఇంక" అంది ఆచార్యులుగారితో. ఆయన బెల్లంముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

మర్నాడు ఆయన నన్ను ఒక్కదాన్నే నమూనాల గదిలోకి పిలిచి, ఆ నమూనా తాలూకు దాచిన సగం కడ్డీని ముందు పెట్టారు. "చూడు. వెల్లుల్లి లేదు, పలుగురాయి పట్టీ లేదు. ఈ రాయి నాతో ఏమీ చెప్పలేదమ్మా. అంత బంగారం యాణ్ణించి వచ్చింది?" ఆ సగాన్ని దంచి, రేకు పళ్లెంలో నీళ్లు పోసి కడిగాం. ఏమీ లేదు. అప్పుడు పరీక్షకు పంపగా మిగిలిన పొడిని కడిగాం. నీళ్లు తిప్పి వంచగానే పళ్లెం అంచున సన్నని పసుప్పచ్చ గీత మెరిసింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, నా చేతికిచ్చారు. రాతిలో పుట్టిన బంగారంలో వెండి కలిసి లేతరంగుగా, సందుల్లో ఇరుక్కుని గరుకుగా ఉంటుంది. ఇవి ఎర్రటి ఛాయతో, వడ్రంగి చిత్రిక కింద రాలే పొట్టులా సన్నగా చుట్టుకుని ఉన్నాయి. "ఇది కంసాలి చేతిలో కరిగిన బంగారం" అన్నారు మెల్లగా.

ఎవరు పెట్టుకొచ్చి ఉంటారని నేను ఒక్కొక్కరినే తలుచుకుంటున్నాను. ఆయన మాత్రం తన కుడిచేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసుకుంటున్నారు. ఉంగరపువేలికి బంగారు పవిత్రం. పూజకూ పెద్దల తద్దినానికీ దర్భముడికి బదులుగా వేసుకునే ఉంగరం అది. ముడి అంచు ఒకచోట సుత్తి తగిలి కాబోలు లేచి, అరిగి, కొత్తగా మెరుస్తోంది. రోజూ ఆ చెయ్యిని అంతసేపు చూసేదాన్ని, ఆ ఉంగరం నా కంటికీ ఆనలేదు. నాకు కోపం ఆగలేదు. "మా అందరి ఒంటి మీదా తీయించారే సార్! నా మెడలోవి కూడా!" అన్నాను.

"నిజమేనమ్మా" అన్నారు. "ఇది నగ అని నాకెప్పుడూ తోచలేదు. నాయన పోయేముందు తన వేలి నుంచి తీసి నా వేలికి తొడిగినాడు. ఇది ఆయన చెయ్యే అనుకుంటా ఉన్నా" అన్నారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. ఆ దాచిన సగం గురించి ఎవరూ అడగలేదు, అడగబోరు కూడా. ఫలితాన్ని అలా వదిలేస్తే మిషన్ ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండేది. నా ఉద్యోగమూ, మునెమ్మ కొడుకు తిరుగుప్రయాణమూ ఆ రేకు పళ్లెంలోనే ఉన్నాయి. ఆయన ఏం చేస్తారా అని నేను ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆయన పళ్లెం కడిగి బోర్లించారు.

ఆ పూటే కుప్పం వెళ్లి, సబ్బు నురగ రాసినా ఊడి రాకపోతే కంసాలితో ఉంగరం కత్తిరింపించుకుని, నమూనా తన చేతివల్లే చెడిందని పైవాళ్లకు రాసి పోస్టు చేసి వచ్చారు. అంతటితో ఊరుకోవచ్చు. మిషన్ పంపేయమన్న కబురు పైనుంచే వచ్చేది, ఎవరూ ఆయన్ని తప్పుపట్టేవారు కాదు. ఆయన మరుసటి రోజు పనివాళ్లందర్నీ మిషన్ దగ్గరికి పిలిచి, తెల్లటి చార పడ్డ వేలు చూపించి, జరిగిందంతా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పారు.

మునెమ్మ ముందుకొచ్చింది. "అట్లయితే మా గుట్టలో బంగారు లేదా సామీ?"

"ఉండాదో లేదో నాకు తెలీదు మునెమ్మా. ఉందని నేను చెప్పింది మాత్రం తప్పు."

ఆమె గుట్ట వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు తిరిగింది. "నా కొడుకు ఆడ పని మానుకోని బయల్దేరేసినాడు. మీరు ఈ మాట సెప్పకుండా ఉండుంటే మాకు ఇంగ కొన్నాళ్లు కూడు దొరికేది సామీ" అంది. తిట్టలేదు. ఉన్న మాట అన్నట్టుగా అంది.

"అవునమ్మా" అన్నారు ఆచార్యులుగారు.

ఆయన ఇంకేదో అంటారని ఎదురుచూశాను. సర్కారు సంగతి, సత్యం సంగతి, కనీసం ఒక సముదాయింపు మాట. ఆయన చేతులు కట్టుకుని, ఆమె కళ్లలోకి చూస్తూ, ఆమె వెనక్కి తిరిగి వెళ్లేదాకా ఎండలో నిలబడ్డారు.

క్యాంపు ఎత్తేశారు. నేను తర్వాత ఒక కాలేజీలో లెక్చరరుగా చేరి చాలా ఏళ్లు పనిచేశాను. ఆచార్యులుగారు రిటైరయ్యాక తిరుపతిలోనే ఉండి, అక్కడే పోయారు. చివరిదాకా పితృకార్యాలకు దర్భముడే వేసుకున్నారని విన్నాను.

ఒక ఏడాది, వేరేవాళ్ల కొలతల్ని చూసి రాసేసిన ఒక కుర్రాణ్ణి ప్రాక్టికల్స్‌లో ఫెయిల్ చెయ్యాల్సి వచ్చింది. వాళ్లమ్మ పుత్తూరు నుంచి బస్సులో వచ్చింది. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "మీరు పాసు సేసుంటే మావాడికి ఈపాటికి ఉద్యోగం వచ్చుండేది మేడమ్" అంది. నా దగ్గర చెప్పడానికి చాలా ఉన్నాయి. నియమాలున్నాయి, నీతి ఉంది, వాడి మంచి కోసమేనన్న మాట కూడా నాలుక చివరనే ఉంది. కుర్చీలోంచి లేచి, "అవునమ్మా" అన్నాను. ఆమె వెళ్లేదాకా నిలబడే ఉన్నాను.