నర్సమ్మ పిన్నికి నేను చదివిన యుద్ధం

మా చిన్నప్పుడు... హిందీ రాష్ట్రంలోని ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, ఖుర్సీపార్‌లో మా క్వార్టర్ల లైనుకి తెలుగు పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చిన కట్ట స్టేషన్ దగ్గర షాపులో దిగేది. నాన్న మొదటి షిఫ్టు అయ్యాక సైకిలు మీద వస్తూ ఒకటి పట్టుకొచ్చేవాడు. నాన్నకి సంతకం వరకే చదువు, అమ్మకి అదీ లేదు. నాయనమ్మకి కళ్లు మసకలు. అందుకని ఆ పేపరు నేరుగా నా చేతికే వచ్చేది.

లైనులో తెలుగు చదవగలిగిన పిల్లని నేనొక్కదాన్నే. మిగతా వాళ్లందరిదీ హిందీ బడి... నాదీ అదే గానీ, కళ్లు బాగున్న రోజుల్లో నాయనమ్మ పలక మీద గుణింతాలు దిద్దించి, తప్పితే చెవి మెలేసేది. ఆ చెవి పుణ్యమా అని పదకొండేళ్లకే నేను లైనంతటికీ న్యూస్‌రీడర్ని. చలికాలం మూడుగంటల ఎండలో ఆడవాళ్లంతా గోనెపట్టాలు పరుచుకుని, చేటల్లో బియ్యం ఏరుకుంటూ కూర్చునేవారు. నేను గుమ్మం మెట్టెక్కి గొంతు సవరించుకునేదాన్ని. అబ్బో, అప్పటి నా గర్వం చూడాలి...

ఆ ఏడాది గల్ఫ్ వైపు ఎక్కడో యుద్ధం మొదలైంది. మా లైను మొత్తం ఒకే పక్షం. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. ఎన్నడూ చూడని ఆ సైన్యాన్ని "మనోళ్లు" అనేవారు. మనోళ్లు గెలుస్తారా, గెలవరా... టీ హోటల్లో మగవాళ్లదీ అదే వాదన.

పక్కింటి నర్సమ్మ పిన్నికి మాత్రం అది కాలక్షేపం కాదు. ఆవిడ భర్త సింహాచలం బాబాయి వెల్డరు. యుద్ధం జరుగుతున్న చోటికి పక్కదేశంలోనే పనిలో ఉన్నాడు. టీవీలో హిందీ వార్తలు గబగబా చెప్పేసేవారు... పిన్నికి వచ్చింది కూరగాయల బేరం హిందీ ఒక్కటే. ఆవిడకి నా నోరే దిక్కు.

ఒకరోజు ఉన్నదున్నట్టు చదివాను. యుద్ధం ఎన్నాళ్లు సాగుతుందో చెప్పలేమని, ఎవరూ గెలిచేలా లేరని. అందరూ గోనెపట్టాలు తొందరగా దులిపేసుకుని వెళ్లిపోయారు. రోజూ నా చేతిలో పెట్టే జంతికలు కూడా ఆరోజు ఎవరూ పెట్టలేదు.

మర్నాడు పేపర్లో అదే మాట. నేను మాత్రం "ఇంకో నాలుగు రోజుల్లో గెలుపు ఖాయం" అని చదివేశాను... ఎంత సంతోషమో వాళ్లకి. పిన్ని నా బుగ్గ పుణికి రెండు జంతికలు ఎక్కువ పెట్టింది.

ఇక అదే అలవాటైపోయింది. రోజూ ఓ ఊరు పట్టుకునేవాళ్లు మనోళ్లు... నా నోట్లో. ఆ కబురు నాన్న టీ హోటలుకి మోసేవాడు. సాయంత్రానికి "అక్కడ కూడా అందరూ గెలుస్తారనే అంటన్నారే" అని నాకే తిరిగి తెచ్చి చెప్పేవాడు. ఇంతమంది అంటున్నారంటే నిజమేనేమో అని నాకూ అనిపించేది. ఆ మాట పుట్టించింది నేనే అన్నది కూడా మర్చిపోయాను.

అప్పుడు బాబాయి ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివాను. వెళ్లిపోతామన్నవాళ్లని కంపెనీవాళ్లు బస్సుల్లో సరిహద్దు దాటిస్తున్నారట. "అక్కడ పేపర్లో ఏటి రాస్తన్నారు? ఉండమంటావా, వచ్చీమంటావా?" అని అడిగాడు.

పిన్ని నా ఎదురుగా కూర్చుంది. "ఒలే, రోజూ సదువుతున్నావు గదా. నాలుగు రోజుల్లో అయిపోద్దా?"

ఆరోజు పేపరు నా ఒళ్లోనే ఉంది. బాబాయి ఉన్న దేశానికీ ప్రమాదమేనని, బయటివాళ్లు వెళ్లిపోవడం మంచిదని స్పష్టంగా రాసి ఉంది. అది చదివితే ఇన్నాళ్లూ చదివినవన్నీ అబద్ధాలని బయటపడుతుంది. నాయనమ్మ చెవి మెలేస్తుంది. నాకు అప్పుడు అదే పెద్ద భయం.

"అయిపోద్ది పిన్నీ" అన్నాను.

"అయితే ఉండిపోమని రాసీ."

రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

బాబాయి ఉండిపోయాడు. ఆ తర్వాత వాళ్ల క్యాంపు పక్కనే బాంబు పడింది. నాలుగు నెలలు బాబాయి కబురు లేదు. ఆ నాలుగు నెలలూ నాకు అన్నం సహించలేదు. జ్వరమని అమ్మ మిరియాల కషాయం పోసేది. వానలు మొదలయ్యాక బాబాయి వచ్చాడు, ప్రాణాలతోనే వచ్చాడు. బాంబు మోతకి రెండు చెవులూ పోయాయి.

నేను ఏడుస్తుంటే పిన్నే నన్ను దగ్గరకి తీసుకుంది. "నీ తప్పేటుందే... పేపరోడు రాసిందే సదివావు" అంది.

అప్పటినుంచి అక్షరం మార్చకుండా చదివాను. బాబాయి కూడా వచ్చి కూర్చుని, ఏమీ వినపడక, నా నోటి వంకే చూస్తుండేవాడు. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఇప్పుడు నేను అదే ఊళ్లో సెక్టర్ 7లో ఉంటున్నాను. బాబాయి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మరో దేశంలో మరో యుద్ధం... మొన్న మా పాత లైను వాట్సాప్ గ్రూపులో ఎవరో పోల్ పెట్టారు. గెలుస్తారా, గెలవరా అని. క్షణాల్లో అందరూ నొక్కేస్తున్నారు. నా వేలు ఆడలేదు.

ఆ సాయంత్రమే పిన్ని ఫోన్ చేసింది. మనవడు ఇప్పుడు అటువైపే పనిలో ఉన్నాడట. "ఫోన్లో అందరూ గెలిచేస్తారంటన్నారట గదే. ఆడు ఉండమంటావా అని అడుగుతున్నాడు. నువ్వు సెప్పు" అంది.

"ఎవరు గెలుస్తారో నాకు తెలీదు పిన్నీ. వాడిని వచ్చేయమను. ఈరోజే చెప్పు" అన్నాను.

"సరేలే, రమ్మంతాను" అని పిన్ని నిట్టూర్చింది. "సిన్నప్పుడు ఎంత దైర్యంగా సెప్పేదానివే..."

ఆవిడకి ఇంకా నిజం చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఒక్క పేపరు, ఒక్క నోరు, చుట్టూ ఇరవై చెవులు... ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ప్రతి చేతిలో ఓ పేపరు, ప్రతివాళ్లూ చదివి వినిపించేవాళ్లే. మీ ఇళ్లలో చదివి వినిపించింది ఎవరు? ఉన్నదున్నట్టే చదివారా... చెప్పండి.