వలపల, దాపల

పీలమేడులోని మా పంపుల వర్క్‌షాపులో పోత పోయడానికి ముందు చెక్క అచ్చు చేసేది మా మేనమామ. ఒకప్పుడు డ్రాయింగు చూసి, కళ్లు మూసుకుని, వస్తువును తలలోనే తిప్పి చూసుకునేవాడు. అరవై ఐదు దాటాక చెక్కముక్కను చేత్తో తిప్పి చూస్తే గాని ఆయనకు తేలేది కాదు. పని నెమ్మదించింది. అంతేగాని తప్పింది లేదు. ఈ మాట నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

అప్పుడు నాకు ముప్పై. ఆండిపట్టి దగ్గర ఒక రైతు బావి మీద పాత పంపు ఉంది. దాన్లోంచి నీళ్లు ఏ వైపుకు వస్తున్నాయో చూసి, కొత్తదానికి కొలతలు తెమ్మని నన్ను పంపారు. అక్కణ్నుంచి ఫోన్ చేస్తే మామ ఒక్కటే అడిగాడు.

"వలపలనా, దాపలనా?"

కాడికి కట్టిన కుడి ఎద్దు వలపలది, ఎడమది దాపలది. మా ఇళ్లలో యంత్రాలకూ ఆ మాటలే వాడతాం. ఎద్దుల వెనక నిలబడి చూసే లెక్క అది. పంపుకైతే మోటారు వెనక నిలబడాలి. నేను పంపుకు ఎదురుగా నిలబడి, నా కుడి చెయ్యి చూసుకుని, వలపల అన్నాను.

పోత తిరగబడి వచ్చింది; నీళ్లు బయటికి వచ్చే దారి రెండో వైపుకు పడింది. అందరిలో మామ నన్ను ఎప్పటిలా ముద్దుగా పిలుస్తూ నెమ్మదిగా అడిగాడు.

"ఎద్దు మూతి ముందర నిలబడి చెప్తివా, కణ్ణు?"

లేదన్నాను. దాపల అనే చెప్పానన్నాను. మామకు తలలో బొమ్మ తిరగడం లేదని మా నాయనతో కూడా అన్నాను. చెక్కను చేత్తో తిప్పుకోవడం అందరూ చూసిందే కాబట్టి నమ్మారు. మామా నమ్మాడు.

"అట్లయితే నా చెవే తప్పు వినుండాల."

ఆ సాయంత్రం ఉలులకు నూనె రాసి పెట్టెలో పెట్టాడు. మళ్లీ తీయలేదు. నిజానికి తలలో తిప్పి చూడలేకపోయింది ముప్పై ఏళ్ల నేను.

ఇప్పుడు నాకు యాభై ఆరు. నా కూతురు కంప్యూటరులో పంపు బొమ్మను తిప్పుతుంటే రెండో మలుపుకే నాకు ముందూ వెనకా కలిసిపోతాయి. మొన్న ఆపమని, అటక మీదున్న, మామ చేసిన ఆ పాత చెక్క అచ్చు దించి చేతిలో తిప్పుకుంటూ చూశాను.

"నాయనకు వయసాయ" అని నవ్వింది.

అప్పుడు దానికి ఇదంతా చెప్పాను.

"తాతకు ఎప్పుడన్నా చెప్తివా?"

చెప్పలేదు. ఆ తర్వాత ఆయన పదకొండేళ్లు బతికాడు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య రెండే గడపలు.